రోజూ కడుపు ఉబ్బరమే, గ్యాస్ మాత్ర వేసుకోకపోతే గడవట్లేదు

నైట్‌షిఫ్ట్_నాని
వయసు 31. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు, నాలుగేళ్లయింది. ఏడాదిన్నరగా కడుపుతో పడుతున్న పాట్లు చెప్పుకోవడానికి ఇంట్లో సిగ్గు, అందుకే ఇక్కడ రాస్తున్నా. తిన్న అరగంటకే పొట్ట డోలులా బిగుసుకుపోతుంది. ప్యాంటు గుండీ విప్పుకుని పైన టీషర్టు కప్పుకుని కూర్చుంటాను. ఒకరోజు మూడు నాలుగు సార్లు వెళ్లాల్సి వస్తుంది, తర్వాత రెండు రోజులు కదలనే కదలదు. పుల్లటి తేన్పులు సరేసరి. మెడికల్ షాపులో అడిగితే పాంటాప్రజోల్ 40 ఇచ్చాడు. అప్పటి నుంచి రోజూ అదే. వేసుకుంటే మంట ఉండదు, ఉబ్బరం మాత్రం ఎక్కడికీ పోదు. మానేస్తే రెండో రోజుకే గొంతు దాకా మంట.

రీల్స్‌లో ఎవరు చూసినా ‘మీ గట్ పాడైంది’ అంటున్నారు. జుట్టు రాలడం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, చిరాకు అన్నీ దాని లక్షణాలేనట. నాకు అన్నీ ఉన్నాయి. మా మేనేజర్‌కీ ఉన్నాయి. అసలు పేగులు పాడయ్యాయని ఎలా తెలుస్తుంది?

కాకినాడ_కాజా
మేనేజర్‌కీ ఉన్నాయంటే అంటురోగమే. ఆఫీసు మార్చు.

సుబ్బలక్ష్మి_వంటిల్లు
బాబూ, మాత్రలు తర్వాత. ముందు వాము, జీలకర్ర, సోంపు సమానంగా దోరగా వేయించి పొడి కొట్టుకో, చిటికెడు ఇంగువ, కొంచెం సైంధవ లవణం. భోజనం చేశాక అర చెంచా, గోరువెచ్చటి నీళ్లతో. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే మందు. చిన్నప్పుడు మా అమ్మ పొట్ట రాస్తూ ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అనేది, సగం దానికే తగ్గిపోయేది.

కాకినాడ_కాజా
మెస్ బిర్యానీ ముందు అగస్త్యుడు కూడా చేతులెత్తేస్తాడు పిన్నిగారూ.

మందుల_చీటీ
నాని, నేను మెడికల్ షాపు నడిపేవాణ్ని. ముందు రెండు ప్రశ్నలు. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు, తినక ముందా తిన్న తర్వాతా? ఏడాదిన్నరగా అన్నావు, ఆ మధ్యలో ఒక్కసారైనా డాక్టరు చూశాడా?

నైట్‌షిఫ్ట్_నాని
తిన్న తర్వాతే అన్నా. డాక్టరు చూడలేదు. చీటీ లేకుండానే ఇస్తారు కదా.

మందుల_చీటీ
ఇస్తారు, అదే వచ్చిన చిక్కు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ అన్నీ ఒకే కుటుంబం. కడుపులో యాసిడ్ ఊరే పంపులను మూసేస్తాయి. ఆ పంపులు తిండి పడేసరికి పని మొదలుపెడతాయి కాబట్టి తినడానికి అరగంట ముందే మందు లోపల ఉండాలి. తిన్నాక వేసుకుంటే అంత బాగా పని చెయ్యదు.

మానేస్తే మంట ఎందుకంటే, ఇన్నాళ్లూ నొక్కి ఉంచిన యాసిడ్ ఒక్కసారిగా మామూలు కంటే ఎక్కువగా ఊరుతుంది. కొన్ని వారాలు అలాగే ఉంటుంది. అది చూసి ‘అయ్యో, నాకు ఈ మాత్ర జన్మంతా కావాలేమో’ అనుకుని మళ్లీ వేసుకుంటారు. నా షాపుకు వచ్చేవాళ్లలో ఎంతోమందిది ఇదే కథ. ఇది చెడ్డ మందు అనట్లేదు. అల్సర్ ఉన్నవాడికి ప్రాణం నిలబెట్టే మందే. కాకపోతే ఏళ్ల తరబడి వాడితే బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది, పేగుల్లో ఇన్ఫెక్షన్లు కాస్త తేలిగ్గా వస్తాయి. యాసిడ్ అంటే శత్రువు కాదు, నోట్లోంచి దిగే క్రిములకు అది కాపలా.

సీమ_సంగటి
మా నాయనకు గ్యాస్ అంటే సిలిండరే. పొద్దున రాగిసంగటి, రాత్రి జొన్నరొట్టె. ఆయన నోట తేన్పు అన్న మాట వినలేదు నేను. మీరు తెల్లన్నం మానండి, అన్నీ పోతాయి.

విజయనగరం_వాణి
@సీమ_సంగటి మీ నాయనగారు రోజుకు ఎన్ని మైళ్లు నడిచేవారో కూడా చెప్పండి. ఈ మాట నమ్మి నేను ఒక సోమవారం నుంచి మూడు పూటలా కొర్రలు, అండుకొర్రలు మొదలుపెట్టాను. వారం తిరక్కుండా పొట్ట ఏడో నెలలా అయింది. పీచు మంచిదే కానీ పేగులకు అలవాటు కావాలి. ఒక పూటతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ, నెల రోజుల్లో పెంచుకోవాలని తర్వాత తెలిసింది. ఇసబ్‌గోల్ కూడా అంతే, నీళ్లు లేకుండా మింగితే ఉన్నది ఇంకా గట్టిపడుతుంది.

ఇంకో సంగతి. నాకు ఏడాది పాటు మలబద్ధకం ఉంటే అందరూ తిండి మీదే పడ్డారు. చివరికి తేలింది థైరాయిడ్. దానికి తోడు రక్తం తక్కువని వేసుకున్న ఐరన్ మాత్రలు. నల్లగా వస్తోందని భయపడి పరుగెత్తితే ‘ఐరన్ వేసుకుంటే అలాగే వస్తుందమ్మా’ అని నవ్వారు.

రాత్రి_డ్యూటీ_అక్క
స్టాఫ్ నర్సుని. వాణిగారు చెప్పిన నలుపు మీద ఒక్క మాట, ఎవరూ పొరపాటు పడకుండా. ఐరన్ వల్ల వచ్చేది ముదురు రంగు, మామూలు గట్టిదనం. తారులా బంకగా, ముక్కు పగిలే వాసనతో నల్లగా వస్తే అది పైన ఎక్కడో రక్తం కారుతున్నట్టు. అప్పుడు నవ్వుకుంటూ కూర్చోకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నానీ, నీకు బరువు తగ్గిందా? నిద్రలోంచి లేచి మరీ మోషన్‌కు వెళ్లాల్సి వస్తోందా? రక్తం ఏమైనా? ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్? మింగుతుంటే అడ్డుపడుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక్కడ మేం చెప్పేవన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు.

నైట్‌షిఫ్ట్_నాని
అవేవీ లేవక్కా. బరువు రెండు కిలోలు పెరిగాను కూడా. నొప్పి పెద్దగా ఉండదు, బిగుసుకుపోయినట్టు ఉంటుంది అంతే.

మూడో_బెంచీ
అక్క రక్తం అన్నారు కాబట్టి చెబుతున్నా. నాకు 22. బీటెక్ ఫైనలియర్‌లో ఎనిమిది నెలలు ‘పైల్స్’ అనుకుని ఆయింట్‌మెంట్ రాసుకున్నా. హాస్టల్లో సగం మందికి పైల్సే, అందుకే అనుమానం రాలేదు. జిగురుతో పాటు రక్తం, తెల్లవారుజామున లేచి పరుగు, ఆరు కిలోలు తగ్గాను. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష చేస్తే బాగా ఎక్కువ వచ్చింది, అంటే పేగుల్లో వాపు ఉందన్నమాట. తర్వాత కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం. తేలింది అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగు లోపల వాచి పుళ్లు పడే జబ్బు. ఇప్పుడు మెసాలమిన్ మీద బాగానే ఉన్నాను. అమ్మ ఇప్పటికీ ‘వేడి చేసింది’ అనే అంటుంది, మజ్జిగ పోస్తూనే ఉంటుంది.

సుబ్బలక్ష్మి_వంటిల్లు
అయ్యో నాయనా. చిన్నవయసు. మజ్జిగ అయితే తాగు, తప్పులేదు.

వెల్‌నెస్_విక్కీ
ఇదంతా డిస్‌బయోసిస్, అంటే పేగుల్లో బ్యాక్టీరియా లెక్క తప్పడం, దానికి తోడు లీకీ గట్, అంటే పేగు గోడ కారడం. ఇంటి నుంచే శాంపిల్ పంపితే మీ పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో 40 పేజీల రిపోర్టు, దానికి తగ్గ ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా) ప్యాక్. సభ్యులకు డిస్కౌంట్ ఉంది, లింకు కింద ఇస్తున్నా.

వేదిక_కాపలా
లింకు తీసేశాం. అమ్మకాలు ఇక్కడ వద్దు.

డాలస్_బాబాయ్
విక్కీ, ఆ 40 పేజీలు నేను ఇక్కడ కొన్నాను. మా గ్యాస్ట్రో డాక్టరు తిరగేసి బల్ల మీద పెట్టి ‘దీంతో నన్నేం చెయ్యమంటావు’ అన్నాడు. పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఎంత ఉంటే ఆరోగ్యమో చెప్పే కొలత ఇంకా ఎవరి దగ్గరా లేదు. మనిషి మనిషికీ తేడా, అదే మనిషికి నెల నెలకూ తేడా. ప్రోబయోటిక్ మాత్రల సంగతీ అంతే. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐబీఎస్‌కు (పేగుల్లో వాపు, పుండు ఏమీ లేకుండానే కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం వచ్చే సమస్య) వాటిని పరిశోధన బయట వాడమని చెప్పలేదు.

నేను తెలుసుకున్న పనికొచ్చే సంగతి ఒక్కటే. ఇక్కడ పెద్దపేగు క్యాన్సర్ పరీక్షలు 50 ఏళ్లకు మొదలయ్యేవి, 2021 నుంచి 45కే చేయించుకోమంటున్నారు. నాకు 47 ఏళ్లప్పుడు కొలనోస్కోపీ చేయించుకుంటే రెండు పాలిప్స్ (పేగు లోపలి చిన్న బుడిపెలు) కనిపించాయి, అక్కడికక్కడే తీసేశారు. నాకు ఒక్క లక్షణమూ లేదు. అంతకు ముందు రోజు రాత్రి పేగులు ఖాళీ చేసే మందు తాగి బాత్రూమ్‌లో కాపురం పెట్టడం మాత్రం వేరే పోస్టు రాయాల్సినంత కథ.

కాకినాడ_కాజా
రాయకండి బాబాయ్, భోజనాల వేళ.

నల్లబల్ల
కారణాల్లో ఎవరూ రాయనిది ఒకటి రాస్తాను. నేను టీచర్‌ని. పొద్దున 8కి ఇంట్లోంచి బయటపడితే సాయంత్రం 5 దాకా బాత్రూమ్‌కు వెళ్లను. బడిలో ఉన్నది ఒక్కటి, దానికి గడియ సరిగా పడదు, నీళ్లు రావు. అందుకని నీళ్లే తాగను. మా స్టాఫ్ రూమ్‌లో ఆడవాళ్లం అందరం ఇంతే. వచ్చినప్పుడు వెళ్లకుండా ఆపుకుంటూ ఉంటే కొన్నాళ్లకు ఆ పిలుపే రావడం మానేస్తుంది. లోపల ఉన్నదాంట్లో నీరంతా పెద్దపేగు పీల్చేసి రాయిలా చేస్తుంది. ‘పీచు తినండి, నీళ్లు తాగండి’ అని సలహా ఇచ్చేవాళ్లు ఆ నీళ్లు ఎక్కడ వదలాలో కూడా చెప్పాలి.

రాత్రి_డ్యూటీ_అక్క
@నల్లబల్ల నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గరికి వచ్చే ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) కేసుల్లో టీచర్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు ఎక్కువ. మీకు కుదిరేది ఒకటి చెప్పనా? పొద్దున కాఫీయో టిఫినో పడిన పావుగంటకు పేగులు సహజంగా కదులుతాయి. అరగంట ముందు లేచి ఆ సమయం దానికే కేటాయించండి. వెస్టర్న్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. ఫోన్ మాత్రం బయటే వదిలెయ్యాలి.

నల్లబల్ల
అరగంట ముందు అంటే 4.30కి లేవాలండీ, ఇద్దరు పిల్లల క్యారేజీలు. పీట సంగతి చూస్తాను.

ఓరుగల్లు_పోరడు
పాల సంగతి ఎవ్వరు అడగరేంది? నాని, రాత్రి షిఫ్టుల ఎన్ని చాయ్‌లు తాగుతవు?

నైట్‌షిఫ్ట్_నాని
నాలుగైదు. జిమ్ తర్వాత వే ప్రోటీన్ కూడా, పాలల్లో కలుపుకుని.

ఓరుగల్లు_పోరడు
దొరికిండు. నాకు గిదే అయింది. పాలల్ల ఉండే లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ చిన్నప్పుడు మస్తుగ ఉంటది, పెద్దగైనంక మనోళ్లల్ల చానా మందికి తగ్గిపోతది. అరగనిది పెద్దపేగులకు పోయి పులుస్తది, గ్యాస్, ఉబ్బరం, నీళ్ల మోషన్. రెండు వారాలు పాలు బందు పెట్టి చూడు.

గోదారి_గట్టు
పాలు పడకపోవడం ఏంటండీ, మా తాత రోజూ చెంబుడు పాలు తాగి 88 ఏళ్లు బతికాడు. ఇవన్నీ కొత్త జబ్బులు.

ఓరుగల్లు_పోరడు
తాతకు పడ్డయి అన్నా, నాకు పడలే. పెరుగు, మజ్జిగ మాత్రం నాకు మంచిగనే పడతయి. తోడు వేసినప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తది కద.

సుబ్బలక్ష్మి_వంటిల్లు
అందుకే చద్దన్నం, తరవాణి అన్నారు పెద్దలు. ఇడ్లీ, దోసె కూడా పులిసినవే, వాటిలోనూ మంచి బ్యాక్టీరియా ఉంటుంది.

మందుల_చీటీ
పిన్నిగారూ, చద్దన్నం, పెరుగు వరకు మీతోనే ఉన్నాను. ఇడ్లీ దగ్గర ఆగాలి. పది నిమిషాలు ఆవిరి మీద ఉడికాక ఆ బ్యాక్టీరియా ఎక్కడ బతుకుతుంది? పులిసినందుకు పిండి తేలిగ్గా అరుగుతుంది, అది వేరే లాభం.

సుబ్బలక్ష్మి_వంటిల్లు
తేలిగ్గా అరిగితే చాలదూ? దాని శవాలు కూడా పనికొచ్చాయనుకో.

కాకినాడ_కాజా
ఈ మాట విన్నాక రేపు టిఫిన్ ఎలా తినను.

డాలస్_బాబాయ్
ఉబ్బరానికి ఇక్కడ లో ఫాడ్‌మ్యాప్ అని ఒక పద్ధతి చెబుతారు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేశారు. కొన్ని వారాల పాటు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, చాలా రకాల పప్పులు, పాలు, మామిడి, యాపిల్ ఆపేసి, తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ తింటూ ఏది పడటం లేదో కనిపెట్టాలి.

సీమ_సంగటి
ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, పప్పు వద్దు, మామిడి వద్దు. ఇంక మిగిలింది విస్తరాకే గదా.

డాలస్_బాబాయ్
నిజమే, ఒంటరిగా చేసేది కాదు, డైటీషియన్ ఉండాలి. జీవితాంతం అలా తినమనీ కాదు. చాలామంది ఆపడం వరకు చేసి మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోతారు, ఎముకల గూడైపోతారు.

గోదారి_గట్టు
పాల మీద వాదించాను కానీ గ్యాస్ మీద నాకు ఉన్న కోపం వేరే. మా బాబాయికి 54. పెళ్లిలో భోజనం చేశాక ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, వాంతి వచ్చేలా ఉందన్నాడు. ‘గ్యాస్ పట్టేసింది’ అని సోడా తాగించారు, వీపు రాశారు, వాము నమిలించారు. రెండు గంటలు. తర్వాత ఈసీజీ తీస్తే గుండెపోటు. బతికాడు, కానీ గుండె కండరం చాలా దెబ్బతింది. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేడు. మనవైపు నడుం పైన ఏ నొప్పి వచ్చినా గ్యాసే. 40 దాటినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి, ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి, దవడ లాగడం అంటే ఆ సోడా సీసా పక్కన పడేసి ముందు ఈసీజీకి తీసుకెళ్లండి.

రాత్రి_డ్యూటీ_అక్క
నెలలో ఇలాంటివి ఎన్ని చూస్తామో. ఆడవాళ్లలో అయితే ఒక్కోసారి ఛాతీ నొప్పి కూడా లేకుండా ఆయాసం, కడుపులో తిప్పడంతోనే వస్తుంది.

మందుల_చీటీ
మళ్లీ నాని దగ్గరికి వద్దాం. ఏడాదిన్నర అన్నావు. అప్పుడు ఏం మారింది? షిఫ్టు నాలుగేళ్లుగా ఉంది, టీ అప్పుడూ తాగేవాడివే. యాంటీబయాటిక్స్ వాడావా? నొప్పి మాత్రలు? కొత్తగా ఏదైనా అలవాటు?

నైట్‌షిఫ్ట్_నాని
యాంటీబయాటిక్స్ అప్పుడప్పుడు, గొంతు నొప్పికి అజిత్రోమైసిన్, అదీ షాపులోనే. నొప్పి మాత్రలు లేవు. జిమ్ కూడా పాతదే. సిగరెట్ మానేశాను ఏడాదిన్నర క్రితం, అది మంచిదే కదా. దానికి బదులు గమ్ నములుతాను. నికోటిన్‌ది కాదు, మామూలు షుగర్‌ఫ్రీ.

మందుల_చీటీ
రోజుకు ఎన్ని?

నైట్‌షిఫ్ట్_నాని
లెక్కపెట్టలేదు. రాత్రికి ఒక డబ్బాలో సగం అవుతాయి. పది పన్నెండు.

రాత్రి_డ్యూటీ_అక్క
ఓరి నాయనా.

మందుల_చీటీ
డబ్బా తిప్పి వెనక చదువు. సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ అని ఉంటాయి. నాలుక మీద చక్కెరలా తియ్యగా ఉంటాయి కానీ పేగులు వాటిని పూర్తిగా పీల్చుకోలేవు. అవి నీటిని లాక్కుంటూ పెద్దపేగులోకి దిగి అక్కడ పులుస్తాయి. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చని ప్యాకెట్ మీదే చిన్న అక్షరాల్లో వేసి ఉండొచ్చు, చూడు. పైగా నములుతున్నంతసేపూ గాలి మింగుతుంటావు. సిగరెట్ మానిన కొత్తలో చాలామందికి మలబద్ధకం వస్తుంది, అది వేరే. ఒకటి బిగదీస్తుంటే ఇంకోటి వదులు చేస్తోంది.

నైట్‌షిఫ్ట్_నాని
చదివాను. ఉంది. ఏడాదిన్నరగా చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను ఆ డబ్బాని.

కాకినాడ_కాజా
గమ్ వదిలెయ్, కానీ మళ్లీ సిగరెట్ పట్టుకోకు. సోంపు నములు. పిన్నిగారు ఎలాగూ గెలవాలి.

విజయనగరం_వాణి
తెల్లవారి మూడింటికి ఏం తింటావు, తిన్నాక ఎంతసేపటికి పడుకుంటావు, అది కూడా చెప్పు.

నైట్‌షిఫ్ట్_నాని
ఐదింటికి బిర్యానీయో ఫ్రైడ్‌రైసో. ఆరింటికి క్యాబ్ దిగి నేరుగా మంచం. ఈ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండేదండీ.

విజయనగరం_వాణి
పుల్లటి తేన్పులకు ఇంకేం కావాలి. పెద్ద భోజనం రెండింటికి ముగించు. తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకు. మంచం తల వైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టుకో, వట్టి దిండు ఎత్తు పెంచితే లాభం లేదు.

మందుల_చీటీ
ఒకసారి హెచ్. పైలోరి పరీక్ష గురించి కూడా డాక్టర్ని అడుగు. మన దేశంలో చాలామంది కడుపులో ఉండే బ్యాక్టీరియా, అందరికీ ఏమీ చెయ్యదు, కొందరికి అల్సర్లు తెస్తుంది. అల్సర్లకు టెన్షన్, కారమే కారణమని లోకమంతా అనుకుంటున్నప్పుడు ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను కలుపుకుని తానే తాగేశాడు, కొద్ది రోజుల్లో కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. మలం పరీక్షతోనో, ఊది చేసే పరీక్షతోనో తెలుస్తుంది. కాకపోతే నీ మాత్ర రెండు వారాలు ఆపి, యాంటీబయాటిక్ వాడి నాలుగు వారాలు దాటి ఉండాలి, లేకపోతే ఉన్నా లేదని వస్తుంది.

సీమ_సంగటి
తాగి నోబెల్ తెచ్చుకున్నోడు ఆయనొక్కడే ఉంటాడు.

నైట్‌షిఫ్ట్_నాని
మూడు వారాల తర్వాత వస్తున్నా. గమ్ పూర్తిగా బంద్. ఐదో రోజుకే ప్యాంటు గుండీ దాని చోటికి అది వచ్చింది. ఉబ్బరం ముప్పాతిక వంతు పోయింది. పాలు ఆపితే పెద్ద తేడా తెలియలేదు, @ఓరుగల్లు_పోరడు క్షమించాలి, చాయ్ మళ్లీ మొదలెట్టా, రెండే. డాక్టర్ని కలిశాను. బీ12 168 వచ్చింది, కనీసం 200 ఉండాలట. మాత్ర వల్లో తిండి వల్లో ఇప్పుడే చెప్పలేం అన్నారు. పైలోరి పరీక్ష కోసం పాంటాప్రజోల్ ఆపించారు, ఈరోజు తొమ్మిదో రోజు. మొదటి వారం నరకం అన్నా, నువ్వు చెప్పినట్టే. మంటకు తెల్ల సిరప్ ఇచ్చారు, దాంతో నెట్టుకొస్తున్నా. మలబద్ధకం ఇంకా వారానికి ఒకటి రెండు రోజులు ఉంది. జుట్టు రాలడం అలాగే ఉంది, దానికి మా నాన్న ఫొటో చూపిస్తే డాక్టరు ఇంకేం అడగలేదు.

సుబ్బలక్ష్మి_వంటిల్లు
సోంపు నములుతున్నావా?

నైట్‌షిఫ్ట్_నాని
నములుతున్నా పిన్నిగారూ. జేబు నిండా అదే.

కాకినాడ_కాజా
అన్నీ సరే. మేనేజర్ సంగతి?

నైట్‌షిఫ్ట్_నాని
మిగిలిన గమ్ డబ్బాలు ఆయన డెస్క్ మీదే ఉన్నాయి. మొదటి నుంచీ నా డబ్బాలోంచే తీసుకునేవాడు.